నల్లరాతి మీద ఎండ

సంజీవనగర్ మూడో వీధి చివరి మేడలో ఉడుమును మేపుతున్నారన్న మాట మొదట పుట్టింది గాజులమ్మే రహమత్‌బీ నోట్లో. ఆమె దాన్ని ఇంటి ఓనరు బాలస్వామి భార్యకు చెప్పింది. బాలస్వామి భార్య పై వాటాలో అద్దెకుండే మమతను మెట్ల మీద నిలబెట్టి, అందులో తన సొంత మాట ఒక్కటీ లేదన్నట్టు అప్పజెప్పింది.

"నేనంటాండేది గాదు మమతా, రహమత్‌బీ అనింది. మీరు ఉడుమును సాకుతాండారంట. మందారపూలు పెట్టి మేపుతాండారంట. బాగా కొవ్వు పట్టినాక నూనె తీసి అమ్ముతారంట. చాగలమర్రి నుంచి ఎవురో ఒకాయన వచ్చి, తోక గూడా కొలుచుకోని పోయినాడంట."

"ఎవురూ రాలేదక్కా. అది ఉడుము గాదు, ఇగ్వానా. వేరే దేశాలది. ఆకులు తింటాది, అంతే."

"నాకేం తెలుసు తల్లీ. ఆమె అనింది, నేను చెప్పినా."

అందులో మందారపూల మాట ఒక్కటే నిజం.

దాన్ని ఇంటికి తెచ్చింది మమత మొగుడు మహేశ్వర్. నంద్యాల బస్టాండు దగ్గర అతనికి సెల్‌ఫోన్ల అంగడి ఉంది. సరుకు కోసం బెంగళూరు పోయినవాడు, సరుకుతో పాటు చెప్పుల డబ్బాలో జానెడు పచ్చటి పిల్లను కూడా తెచ్చాడు. రోజూ ఒక దోసకాయ ముక్క వేస్తే చాలు, గాజుపెట్టెలో దాని మానాన అది పడి ఉంటుందని అమ్మినవాడు చెప్పాడట. జానెడు ఉన్నన్నాళ్ళు అది మహేశ్వర్‌ది. భుజం మీద ఎక్కించుకుని వీడియోలు తీసి ఫోన్లో పెట్టేవాడు. అంగడికొచ్చిన వాళ్ళు కొనేది మరిచిపోయి అవే చూసేవాళ్ళు. అది మూరెడయ్యేసరికి గోళ్ళకు అతని చొక్కాలు చిరిగాయి. రెండు మూరలయ్యాక ఒకరోజు ఫోను మొహమ్మీద పెట్టబోతే తోక విసిరింది. చెంప మీద వాత తేలి, వారం పాటు అంగడిలో అందరికీ సమాధానం చెప్పుకోవాల్సొచ్చింది. ఆ రోజు నుంచి అది మమతది.

మమత ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తుంది. పొద్దున లేచాక మొదట దాని పని, తర్వాతే పొయ్యి. మునగాకు దూయాలి, గుమ్మడికాయ కోరాలి, మందారపూలు ఎవరి గోడ దాటి వేలాడుతున్నాయో చూసి తేవాలి. పాలకూర పడదు. ఒకసారి మహేశ్వర్ బలానికని ఉడికించిన గుడ్డు పెడితే, అది కళ్ళు మూసుకుని మూల పట్టింది, చాలా రోజులు ఆకు ముట్టలేదు. నీళ్ళ తొట్టిలోకి దిగితే తప్ప దొడ్డికి పోదు. పోయిన నీళ్ళనే మళ్ళీ తాగబోతుంది. అందుకని తొట్టి కడగడం ఒక్కటే రోజుకు ఎన్నిసార్లో. ఇంత చేసినా దానికి ప్రేమ ఉందో లేదో మమతకు తెలియదు. ఆమె పేపర్లు దిద్దుతుంటే వచ్చి, ముంజేతి మీద గడ్డం ఆనించి, గంగడోలు వేలాడేసుకుని కళ్ళు మూసేది. చెయ్యి వెచ్చగా ఉందని వచ్చేదో ఏమో. అయినా ఆ చెయ్యి తీయబుద్ధయ్యేది కాదు. పచ్చోడు అని పిలిచేది. పిలిస్తే పలికేది కాదు.

గాజులామె మాట వీధంతా తిరిగాక బాలస్వామి పైకి వచ్చాడు. మాట మెత్తగా మాట్లాడే మనిషి. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"చూడప్పా మహేశ్వర్. ఉడుము జొరబడిన ఇల్లు ఆరు నెల్లు పాడుపెట్టాల. మా పెద్దల కాలం నుంచీ ఉండే మాట."

"ఉడుము గాదన్నా అది."

"నీకూ నాకూ గాదు. వీధికి ఉడుమే. రేపు కింద వాటా ఖాళీ అయితే ఎవుడొస్తాడు చెప్పు? మిద్దె మీద కనపడగూడదు. వరండాలో కనపడగూడదు. లోపల ఏం పెట్టుకుంటారో నాకు తెల్దు, నేను చూడలేదు."

వరండాలో పొద్దుటి ఎండ పడేచోట ఉన్న బోను ఆ సాయంత్రమే వెనక గదిలోకి చేరింది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడను చూస్తుంటుంది. మామూలు బల్బు పెడితే వేడి వస్తుంది గాని అందులో ఎండ ఉండదు. బెంగళూరు నుంచి వేరే రకం దీపం తెప్పించారు. కరెంటు పోయి వచ్చిన ఒక మధ్యాహ్నం అది టప్పుమని పేలింది. మళ్ళీ తెప్పిస్తానన్న మహేశ్వర్ మళ్ళీ తెప్పించలేదు. నంద్యాలలో ఎండకు కరువొచ్చిన ప్రాణి ఏదైనా ఉందంటే అదొక్కటే.

వానాకాలం పోయి చలి మొదలయ్యేసరికి ముందు దాని వేళ్ళు వణికాయి. తర్వాత దవడ ఉబ్బింది. ఒకరోజు మమత బడి నుంచి వచ్చేసరికి వెనక కాళ్ళు రెండూ ఈడ్చుకుంటూ, పొట్ట మీద పాకుతూ తొట్టి వైపు పోతోంది. తొట్టి అంచు ఎక్కలేక అక్కడే ఆగి ఆమెను చూసింది.

పశువుల ఆస్పత్రిలో గేదెల వరస అయ్యేదాకా బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు మూత తీసి చూశాడు.

"దీన్ని నేను బొమ్మల్లో చూసిందే గాని చేత్తో పట్టుకున్నది లేదమ్మా. ఎముకలు మెత్తబడినాయి. కాల్షియం టానిక్ రాస్తా. గేదెకు సీసా పోస్తాం, దీనికి చుక్కల లెక్క. అసలు మందు మాత్రం ఎండ. అద్దంలో నించి పడేది గాదు, నేరుగా పడేది. బయట కట్టేయండి."

"బయట కట్టేయనీరు సార్."

"అయితే బతకదు."

ఎండ కోసం మమతకు తట్టిన చోటు ఆళ్లగడ్డలోని అన్న ఇల్లు. అన్న మారెన్న శిల్పాల షెడ్డులో పని చేసేవాడు. కొండ నుంచి వచ్చిన రాయిని మొదట మోటుగా చెక్కి, మనిషో దేవుడో అనిపించే ఆకారానికి తెచ్చేది అతను. కళ్ళూ ముక్కూ తీసేవాళ్ళు వేరే. అమ్మానాన్నలు పోయాక మమత నంద్యాలలో డిగ్రీ చదివింది ఆ చెక్కుడు పని మీదే. ఇన్నేళ్ళు గొంతుకూర్చుని చెక్కినందుకు మోకాళ్ళు పట్టేసి, దసరా నుంచి అతను పనికి పోవడం లేదు.

బస్సులో తడిగుడ్డ కప్పిన బుట్ట చూసి పక్కనామె "కోళ్ళా?" అంది. "అవును" అంది మమత. శిరివెళ్ల దాటాక గుడ్డ పక్కకు జరిగి, రంపంపళ్ళ వీపు బయటికొచ్చింది. పక్కనామె లేచిపోయి డ్రైవరు దగ్గర నిలబడింది. దిగేదాకా ఆ సీట్లో ఇంకెవరూ కూర్చోలేదు.

వాకిట్లో బుట్ట దించగానే వదిన పోలేరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చూసింది.

"ఏందమ్మా ఇది, ఉడుమా?"

"గాదు వదినా. కొన్నాళ్ళు ఈడ ఎండలో ఉండనీ. మా ఓనరు ఇల్లు పాడుపెట్టాలంటాండాడు."

"మాకు ఆ భయం లేదులే. పాడుపెట్టి పోదామన్నా మాకు ఇంకో ఇల్లు యాడుంది?"

ఆ ఇంటి ముందు, చెయ్యి విరిగిందని షెడ్డువాళ్ళు వద్దనుకున్న ఆంజనేయుడి నల్లరాయి వెల్లకిలా పడి ఉంది. పొద్దెక్కేసరికి అది పెనంలా కాగుతుంది. పచ్చోణ్ణి ఎత్తి దాని మీద పెట్టారు. పొట్ట రాతికి ఆనగానే నాలుగు కాళ్ళూ చాపి, కళ్ళు సగం మూసింది. పక్కనే నులకమంచం మీద మారెన్న మోకాళ్ళ దాకా లుంగీ పైకి లాక్కుని అదే ఎండలో కూర్చున్నాడు.

మమత సంచీలోంచి మునగాకు, గుమ్మడికాయ, టానిక్ సీసా తీసింది. ఆకు ఎంత సన్నగా తరగాలో, తొట్టి ఎప్పుడెప్పుడు కడగాలో చెప్పింది. నీళ్ళకు వీధి చివరి కొళాయి దాకా పోవాలని పోలేరమ్మ గుర్తు చేయలేదు. సీసా మాత్రం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఎముకలకేనా ఇది? మనుషులకు పనికిరాదా?"

"పశువుల మందు వదినా. దానికే చుక్కలు లెక్కపెట్టి పొయ్యాల."

పోలేరమ్మ సీసాను గూట్లో పెట్టింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మమత ఫోను చేసేది. ఎత్తేది మారెన్న.

"అన్నా, ఇంకా వణుకుతాండాదా?"

"తగ్గిందమ్మా. ఈ పొద్దు తనంతట తానే రాయెక్కినాది. నాకన్నా నయం."

మమత నవ్వింది.

"పాపం తోడుంటాందిలే," అన్నాడు మారెన్న. "పొద్దున్నే ఇద్దరం ఎండకు పడతాం. నేను దాన్ని చూస్తా, అది నన్ను చూస్తాది. మమతా, ఇంకోటి. ఆడ నంద్యాలలో ఎముకల డాక్టరు దగ్గర నా పేరు రాపిస్తానంటివి."

"రాపిస్తాన్నా. ఈ పరీక్షలు కానీ. ఔ, మునగాకు ముదురుది పెట్టొద్దని వదినకు చెప్పు."

"చెప్తా."

ఆదివారం వస్తే బస్సెక్కేది. వాకిట్లో అడుగు పెట్టగానే సంచీ దించి, నల్లరాయి ముందు గొంతుకూర్చుని, పచ్చోడి వెనక కాళ్ళను ఒక్కొక్కటే రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒత్తి చూసేది. తొడ గట్టిపడుతోంది. దవడ వాపు తీస్తోంది. ఆమెకు చోటు చాలకపోతే మారెన్న గోడ పట్టుకుని లేచి, కర్ర ఊతంతో మంచం అవతలి కొసకు జరిగేవాడు. పోయేటప్పుడు అన్నకు మహానంది అరటిపండ్లు ఇచ్చేది. వాటిలో మగ్గినవి పచ్చోడికి పెట్టమనేది.

పరీక్షలయ్యాయి. సెలవులివ్వగానే మమత చేసిన మొదటి పని ఇల్లు వెతకడం. ఊరి అంచున మత్తయి అనే ముసలాయన ఇంట్లో కింద వాటా దొరికింది. ముందర గోడ కట్టిన వాకిలి, నిండా ఎండ. "నా కోళ్ళను తినదు గదా?" అని ఒక్క మాట అడిగి ఆయన తాళం చేతికిచ్చాడు. మహేశ్వర్‌కు కూడా హుషారొచ్చింది. పచ్చోడు తిరిగొస్తున్నాడని వీడియో తీస్తే జనం బాగా చూస్తారన్నాడు. స్నేహితుడి కారు అడిగి తెచ్చి, వెనక సీట్లో బోను సర్దాడు.

ఆళ్లగడ్డలో కారు ఆగగానే ఫోను ఎత్తి పట్టుకుని ముందు దిగింది అతనే.

నల్లరాయి మీద ఏమీ లేదు. నీళ్ళ తొట్టి కడిగి గోడకు బోర్లించి ఉంది. నులకమంచం కూడా బయట లేదు. మమత వంగి, రాయి వెనకా, కట్టెల మోపు కిందా చూసి లోపలికి పోయింది.

మంచం లోపల వేసి ఉంది. మారెన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు మోకాళ్ళ మీదా ఆముదపు ఆకులు కట్టి ఉన్నాయి. కట్టు కింద నుంచి పిక్కల దాకా చర్మం నిగనిగలాడుతోంది. గదంతా నీచు కాగిన వాసన. గూట్లో టానిక్ సీసా ఉంది. టానిక్ తెల్లగా ఉంటుంది. సీసాలో ఉన్నది పసుపుపచ్చగా, అడుగున పేరుకుని ఉంది.

"వదినా, పచ్చోడు యాడ?"

పోలేరమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు గాని దాచనూ లేదు.

"చాగలమర్రి ఆయన వచ్చినాడు. మోకాళ్ళకు నూనె కాచేది ఆయనే. చూసి, ఉడుమేనన్నాడు. సగం ఆయన తీసుకోని సగం మనకిచ్చినాడు."

రహమత్‌బీ నోట్లో పుట్టిన మనిషికి చాగలమర్రిలో నిజంగానే ప్రాణం ఉన్నట్టుంది. మమత మంచం కోడు పట్టుకుని నిలబడింది.

మహేశ్వర్ ఫోను దించాడు. "అది ఉడుము గాదక్కా. దాని నూనెకు ఏ గుణమూ లేదు. పైగా బయట తెలిస్తే కేసవుతాది."

"కానీన్నా. జైలుకు ఈయప్పను మోసుకోని పోయేదానికి మనుషులనైతే పంపిస్తారు గదా," అంది పోలేరమ్మ, మంచం వైపు గడ్డం చూపించి.

గోడ వైపు నుంచి మారెన్న గొంతు వచ్చింది. "నాకు చెప్పలేదమ్మా మమతా. రుద్దినాక వాసన పట్టి అడిగినా. రెండో పూట వద్దంటి. వినలేదు." మళ్ళీ, "ఎండలో తోడుండె," అన్నాడు.

నొప్పి తగ్గిందా అని ఎవరూ అడగలేదు. మమత గూట్లో సీసాను చూసింది, మళ్ళీ వదినను చూసింది.

"ఎట్ల మనసొచ్చింది వదినా నీకు? నడుస్తాండె అది. కాళ్ళు గట్టిపడినాయని పోయిన వారం నీవే గదా చెప్తివి."

పోలేరమ్మ చాట పక్కన పెట్టింది.

"అవును, గట్టిపడినాయి. ఆదివారం ఆదివారం బస్సు దిగొచ్చి, కూచోని, దాని కాళ్ళు పట్టుకోని చూసినావు. మీ అన్న కాళ్ళు ఒక్కసారన్నా పట్టుకోని చూసినావా?"