ముబీన తుడవని చారలు

పీరీల పండుగ ఆఖరి దినానికి ఒక్క రోజు ముందు, బడి పిల్లల అన్నం గిన్నెలు కడిగి బోర్లించినంక, ముబీన కుంచెలు బయటికి తీస్తది. ఏటా అంతే. బడి అరుగు మీద గోనెసంచి పరిచి, కాలు మడుచుకొని కూసుంటది. "మొక్కున్నోళ్లు ముందుగాల రాండ్రి" అని మెల్లగ పిలుస్తది. గట్టిగ పిలిచే మనిషి కాదు. నలుగురు మొగోళ్లు నిలవడ్డ తొవ్వల పోవాలంటే వెనకకు తిరిగి ఇంకో గల్లీల పోయే మనిషి. పిల్లల కాడ మాత్రం నోరిప్పుతది.

పెన్‌గంగ ఇవతలి ఒడ్డున ఉన్న ఆ ఊర్ల, పిల్లకు జరమొచ్చి తగ్గకుంటే పీరు కాడ పులి మొక్కు మొక్కుతరు. సాయిబులని లేదు, కాపులని లేదు. పిల్లకు పులిరంగు పూసి పీరీల ముంగట నడిపిస్తరు. పసుపుపచ్చ రంగు ఎవలైనా పూయొచ్చు. చారలు మాత్రం ముబీననే గీయాలె. ఆమెకు ముందు ఆమె అమ్మ గీసింది, అమ్మకు ముందు అమ్మ తల్లి నానీ గీసింది.

దీపం మసిల తుమ్మజిగురు కలిపి, కుంచె ముంచి, పిల్ల వీపు మీద ఆనిస్తది. ఇగ ఆడికెల్లి ముబీన పని లేదు. కుంచెనే పోతది. అడవిల బతికున్న పులి ఎట్లుంటే అట్ల చార దిగుతది, ఒక్కో పిల్లకు ఒక్కో పులి. పులి లేకుంటే దిగది. ఎంత ముంచి రాసినా మసి చెమట లెక్క జారిపోతది.

నానీ నాడు ముప్పై మంది కూసుంటే ముప్పై మందికీ దిగినయట. అమ్మ నాటికి పదకొండు. ముబీన చేతికి కుంచె వచ్చినంక తొమ్మిదేండ్లు ఒక్క పిల్ల మీద గూడ దిగలే. పిల్లలు ఉత్త పసుపుతోనే పీరీల ముంగట నడిచిన్రు, ఊరంత "పెండ్లిపిల్లలు వస్తున్నరు" అని నవ్వింది. అటెన్క మహారాష్ట్ర దిక్కుకెల్లి పులులు నది ఈదుకుంట వచ్చుడు మొదలైంది. ఓ ఏడు ఒకటి, ఓ ఏడు రెండు.

ఈ ఏడు ఆరుగురు కూసున్నరు. ముగ్గురికి దిగినయి.

ఐదో తరగతి నవతకు, సంపత్ బిడ్డకు, పెద్ద పెద్ద చారలు దిగినయి. రెండో తరగతి చింటూకు, కిరాణం తన్వీర్ కొడుకు సాద్‌కు సన్నయి, దగ్గర దగ్గరగ. చార రాని పిల్లగాడు కొమురెల్లి ముక్కు ఎగబీల్చుకుంట నిలవడ్డడు.

"పెద్దమ్మా, నాకు ఉత్తగనైనా రెండు గీతలు గీయి."

"ఉత్తగ ఎట్ల గీస్తరా? లేని పులిని ఉన్నదని చెప్పమంటవా?"

"ఎవలికెర్కయితది?"

"నీకు ఎర్కనే గద" అన్నది ముబీన. వాణ్ని దగ్గరికి గుంజుకొని నవత మోచెయ్యి చూపెట్టింది. "గీడ చూడు. చార వచ్చి వచ్చి రెండు పాయలైంది. గిట్ల లోకంల ఇంకో పులికి లేదు. ఇది పోతే గిసోంటిది మళ్ల రాదు. నీ బొటనవేలు ముద్ర ఎట్లనో గట్ల."

కొమురెల్లి తన బొటనవేలు తిప్పి తిప్పి చూసుకున్నడు.

మాపటికల్లా ఫారెస్టు రాకేశ్ సారు బండి మీద వచ్చిండు. చెట్లకు కట్టిన కెమెరాలల్ల పడ్డ పులుల ఫోటోలు ఆయన ఫోన్ల ఉంటయి. పిల్లలను నిలవెట్టి, ఫోటోకు వీపుకు పోల్చి చూసి, పుస్తకంల రాసుకుంటడు.

"నవతా, ఎడమ దిక్కు తిరుగు బిడ్డా. ఆఁ, ఇది మన ఒర్రె వాగు కాడ తిరిగే ఆడపులే. గీ ఇద్దరు దాని పిల్లలు. ఇంకా వేట రాదు వీటికి. తల్లి తెచ్చి పెడితేనే తింటయి."

"అయితే నవతక్కా, మాకు బువ్వ నువ్వే పెట్టాలె" అన్నడు చింటూ.

"ముందు పోయి చేతులు కడుక్కోండ్రి" అన్నది నవత, తల్లి లెక్కనే.

తెల్లారి ఎండ ఇంకా అరుగెక్కలే. నవత వచ్చి ముబీన గడప ముందు నిలవడ్డది. ఒంటి మీద పసుపు అట్లనే ఉన్నది. చార ఒక్కటి లేదు. చెదిరిపోలే, అంటుకపోలే. అసలు గీయనే గీయనట్టున్నది.

"పెద్దమ్మా, నా పులి లేదు" అన్నది.

ముబీన ఆమెను వెలుతురులకు గుంజింది. పిల్లను అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఇంతల చింటూ, సాద్ గూడ వచ్చిన్రు. వాళ్ల చారలున్నయి గాని, నల్లగ లేవు. పాలు ఎక్కువైన చాయ్ రంగుకు వచ్చినయి.

అప్పుడే సంపత్ ఇంటికెల్లి పిలుపొచ్చింది. రంగు తుడిచే గాసునూనె సీసా పట్టుకొని రమ్మన్నరు.

పెరట్ల సంపత్ గొంగడి కప్పుకొని కూసున్నడు. ఆ ఉక్కపోతల గొంగడేందని ఎవలూ అడుగలే. పక్కన పీరీల కమిటీ పెద్ద రాజయ్య పటేల్, ఇంకో ఇద్దరు ఉన్నరు. రాజయ్య గొంగడి కొస పట్టి గుంజిండు. సంపత్ వీపు నిండా, రెక్కల మీద, నిన్నటి నవత చారలే. మోచేతి కాడ రెండు పాయలు గూడ.

"పందులకు పెట్టిన అక్కా" అన్నడు సంపత్, తల ఎత్తకుండ. "మక్క ఇత్తులు రెండుమార్లు పెట్టిన. రెండుమార్లు గీరి తినిపోయినయి. బోరు కాడికెల్లి కరెంటు వైరు గుంజి చేను చుట్టు కట్టిన. కోడి కూయంగ పోయి చూస్తే పడ్డది పంది కాదు, పులి."

"అయిందేదో అయింది" అన్నడు రాజయ్య. "గుంత తీసి పూడ్చినం. పది గంటలకు పీరీలు లేస్తయి, ఆ ఫారెస్టాయన వస్తడు. ముబీనా, గీ చారలు తుడువు. నీ చేతికి తప్ప పోవాయె."

ముబీన సీసా పట్టుకొని నిలవడ్డది.

"ఏందమ్మా, మాట్లాడవు? నోట్ల సున్నం పెట్టుకున్నవా?"

"పిల్లలున్నయి" అన్నది ముబీన.

"ఏం పిల్లలు?"

"దానియి. రెండు. తల్లి కోసం చూస్తుంటయి. ఏడ పూడ్చిన్రో సారుకు చెప్తే, ఆ చుట్టుపక్కలనే దొరుకుతయి. చెప్పకుంటే రెండు దినాలల్ల చస్తయి."

"చస్తే నీదేం పోయింది? నీ మొగుడు పోయి పదేండ్లాయె. బడిల వంట నీకు ఎవలు ఇప్పిచ్చిన్రు? జర సోంచాయించు. గియాల్ల తుడువకుంటే రేపటికెల్లి ఆ గిన్నె ముట్టవు, ఆ కుంచె ముట్టవు."

సంపత్ ఆమె కాళ్ల దిక్కు చెయ్యి చాపిండు. "అక్కా, జైల్ల పెడ్తరు. నువ్వు జరంతోని పడ్డనాడు బండి మీద ఆదిలాబాద్ దవాఖానకు తోల్కపోయిన. నీకు నేను తమ్ముని లెక్క కాదా?"

"తమ్మునివే" అన్నది ముబీన. "తుడిస్తే పోతయి. నాకెర్కే. తుడువ."

"ఏం కొత్తనా ఇది?" రాజయ్య గొంతు లేసింది. "మా తాత పులిని కొట్టినంక ఆయన ఒంటి మీద దిగితే మీ నానీ తుడువలేదా? ఊరంత ఎర్కున్నదే గద."

"తుడిచింది పటేలా. మీ తాతకు తుడిచింది, ఆయన సోపతిగాండ్లకు తుడిచింది. గందుకే ముప్పై పోయి పదకొండైనయి. పదకొండు పోయి నా చేతికి ఉత్త కుంచె వచ్చింది."

ఆమె సీసా మూత తీసి గాసునూనె అంత ఆ మట్టిల ఒంపేసింది. పెరడంత వాసన లేసింది. నలుగురు మొగోళ్లు ఆమెనే చూస్తుంటే, ఆమె గూడ వాళ్లను చూసుకుంటనే నిలవడ్డది.

దర్వాజ కాడ నవత ఉన్నది. ఎప్పుడొచ్చిందో ఎవలూ చూడలే. నడుచుకుంట వచ్చి తండ్రి ముంగట కూసున్నది. మోచేతి కాడి రెండు పాయల మీద వేలు పెట్టింది.

"గిది నాది" అన్నది. ఆగి మళ్ల అన్నది, "పందులను తినేదే అది, బాపు."

పీరీల కొట్టం కాడ డప్పు మొదలైంది. సంపత్ బిడ్డ వేలు పెట్టిన తావు చూసుకున్నడు. ఇగ లేసిండు. గొంగడి ఆడనే ఉన్నది.

"అంగన్న ఏసుకోరా" అన్నడు రాజయ్య.

ఏసుకోలే.

తొవ్వల జనం పక్కకు జరిగి తావిచ్చిన్రు. ఆడోళ్లు పీరీల ముంగట బిందెలతోని నీళ్లు వారబోస్తున్నరు, సంపత్ కాళ్ల మీద గూడ పోసిన్రు. డప్పు కొట్టేటాయన ఓపాలి చూసి, పులి దరువుకు మార్చిండు. పులి వస్తే పులి దరువే కొట్టాలె. సంపత్ ఆడలే. ఉత్తగ నడిచిండు. ఆయన ఎన్క ముబీన నడిచింది, నడితొవ్వల, ఒక చేత చింటూను, ఒక చేత సాద్‌ను పట్టుకొని.

బడి మూల కాడ రాకేశ్ సారు బండి ఆపుకొని ఉన్నడు. ఫోను పైకి లేపిండు. ఫోను చూసిండు, సంపత్ వీపు చూసిండు, మళ్ల ఫోను చూసిండు. ఆయన మొకం సచ్చినట్టయింది.

"ఎడమ దిక్కు గూడ చూడు సారు" అన్నడు సంపత్. తిరిగిండు. "నా చేన్ల, ఒర్రె ఒడ్డున పూడ్చినం. పిల్లలు ఆడనే ఉంటయి. జల్ది పోదాం పా." తానే పోయి బండెనక కూసున్నడు.

ఆనాడు పగలంత చింటూ, సాద్ బడి అరుగు మీద కూసున్నరు, ముబీనకు చెరో దిక్కు. చారలు కనవడీ కనవడకుంట ఉన్నయి. నవత కంచంల బువ్వ కలుపుకొచ్చి ఇద్దరికీ ముద్దలు పెట్టింది. మూడు దాటినంక సాద్ "పెద్దమ్మా" అన్నడు. వాని రెక్క మీద చార ముందు బూడిద రంగుకు వచ్చింది, అటెన్క మెల్లగ నల్లవడ్డది. కొద్దిసేపటికే ఒర్రె దిక్కుకెల్లి ఫారెస్టోళ్ల జీపు వచ్చింది. పిల్లలు రెండూ దొరికినయని డ్రైవర్ కేకేసి చెప్పిపోయిండు.

సంపత్ నాలుగు నెలలు జైల్ల ఉండి బెయిలు మీద వచ్చిండు. కేసు ఇంకా నడుస్తనే ఉన్నది. చారలు పోలే. తుడువుమని ఆయన అడుగలే, తుడుస్తనని ఆమె అనలే. ముబీన వంటపని పోయింది. ఇప్పుడు ఇంటి అరుగు మీద బీడీలు చేస్తది. బడి ఇడువంగనే పిల్లలు ఆ అరుగు మీదికే వస్తరు. బీడీ చేసుకుంటనే ఆమె వాళ్లకు చెప్తది, ఏ పులి ఏ వాగు దాటింది, దాని చెవి ఎన్క తెల్లమచ్చ ఎందుకున్నది, చీమలు తినే అలుగుకు పెంకులెందుకున్నయి, రాబందులు ఏడికి పోయినయి. కొమురెల్లి అందరికంటే ముందుగాల వచ్చి కూసుంటడు.

యాసంగికి సంపత్ మళ్ల మక్క పెట్టిండు. వైరు లేదు, కంప లేదు, సందేళ తానే ఉత్త ఒంటితోని చేను చుట్టు తిరిగిండు. పందులు ఒడ్డు దాంక వచ్చి, ముట్టె ఎత్తి గాలి పీల్చి, వెనకకు మర్రినయి. పొద్దుగాల అడుగులు చూసి ఊరందరికీ సమజైంది. ఆ చేనును ఒంటి మీద చారలున్నది ఏదో కాస్తున్నదని పందులు అనుకున్నయి. అబద్ధం గూడ కాదు.

ఇంకో వారానికి రాజయ్య పటేల్ సంపత్ ఇంటి ముంగట నిలవడ్డడు. ముబీన అరుగు గల్లీకి ఇవతలే. అన్ని మాటలూ ఇనవడుతయి.

"సంపతూ, సందేళ మా మక్క చుట్టు ఓ చుట్టు తిరిగి రారాదురా."

"వైరు తీసినవా పటేలా?"

"తీస్త తియ్. ముందుగాల నువ్వు రా."

"తీసి, చుట్టజుట్టి, ముబీనక్క గడప కాడ పడెయ్. అంత వచ్చిందని అక్క అంటే నేనొస్త."

రాజయ్య రుమాలు దులుపుకున్నడు. ఇగ పోయిండు. తెల్లారి వైరు చుట్ట భుజానేసుకొని వచ్చి, ముబీన అరుగు ముంగట దబ్బున పడేసిండు.

ముబీన చేతిల బీడీ దారం కట్టుడు అయిపోయేదాంక తల ఎత్తలే. ఎత్తి, ఆ చుట్ట దిక్కు చూసింది.

"చేనుకు నాలుగు దిక్కులుంటయి పటేలా" అన్నది. "గిది మూడు దిక్కులదే."