ఫోను దులిపిన రోజు

"నీకెవరు చేస్తారు ఫోను?" అన్నాడు మొగుడు ఎమ్లిన్, ఆమె ఫోను మోగుతుంటే, పేపర్లోంచి తలెత్తకుండా.

నిజమే, ఎవరు చేస్తారు? గొర్రెమాంసం పులుసులోకి ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు తరుగుతున్న నెరిస్, చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ తనూ అదే అనుకుంది. కొడుకు హ్యూ ఆదివారాలు చేస్తాడు, అదీ తండ్రి ఫోనుకి. "అమ్మ బాగుందా?" అని అడుగుతాడు, "ఆఁ, బానే ఉంది" అని తండ్రే చెప్పేస్తాడు. అక్క ఐర్వెన్ పోయాక నెరిస్ ఫోను మోగిందంటే పళ్ళ డాక్టరు దగ్గర్నుంచో, కరెంటు కంపెనీ మార్చుకోమనే వాళ్ళ దగ్గర్నుంచో అయ్యుండాలి.

"మిసెస్ ప్రోసర్ గారేనా? పోలీసు వెట్టింగ్ విభాగం నుంచి బౌవెన్‌ని. మాట్లాడటానికి వీలుగా ఉందా?"

వీలుగా ఉందా అంటే ఏం చెప్తుంది? బల్ల దగ్గరే కూర్చున్నాడు మొగుడు. అప్పటిదాకా వినిపించిన పేజీల చప్పుడు టక్కున ఆగిపోయింది.

"ఉందండీ," అంది.

బడి వంటశాల మూసేసి, ఇన్నేళ్ళు పిల్లలకి అన్నాలు పెట్టిన ఆడవాళ్ళని ఒక పూలగుత్తి చేతిలో పెట్టి ఇంటికి పంపేశాక, నెరిస్ ఎవరికీ చెప్పకుండా పోలీసు కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. యూనిఫాం లేదు, లాఠీ లేదు. ఆపదలో ఉన్నవాళ్ళు ఫోను చేస్తే ఎత్తి మాట్లాడాలి, అంతే. పరీక్ష పాసయింది, ఇంటర్వ్యూ కూడా పాసయింది. ఇక మిగిలింది వెట్టింగ్. పోలీసుల దగ్గర పనిచేసేది టైపిస్టయినా, నేల తుడిచే మనిషయినా ముందు పూర్వాపరాలన్నీ తోడతారు. ఒక్క ఆ మనిషివే కాదు, ఆ ఇంట్లో ఉండే అందరివీ. అందుకే ఎమ్లిన్‌కి చెప్పక తప్పలేదు. "ఫోనెత్తే పనికి నా జాతకం ఎందుకే వాళ్ళకి?" అన్నాడు అతను. ఆడపడుచు గ్వెన్లియన్ అయితే ఆదివారం ప్రార్థన అయ్యాక చాపెల్ మెట్ల మీద నలుగురి ముందూ, "మా వదిన నోట్లో నాలుక లేని మనిషి. అవతల ఖూనీ జరుగుతోందని ఎవరైనా ఫోను చేస్తే, అయ్యో పాపం, టీ పెట్టమంటారా అంటుంది!" అంది. అందరూ నవ్వారు. నెరిస్ కూడా నవ్వింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పట్నుంచీ తన మీద వేసే జోకులకి అందరికంటే ముందు నవ్వేది తనే.

"దరఖాస్తులో ఒక ప్రశ్న ఉందండీ," అంటోంది బౌవెన్. గొంతు చూస్తే చిన్నమ్మాయే. "మీ ఇంటికి పోలీసులు ఎప్పుడైనా వచ్చారా అని. మీరు లేదని రాశారు. మా దగ్గర మాత్రం ఒకసారి వచ్చినట్టుంది. తొమ్మిదేళ్ళ క్రితం, ఫిబ్రవరిలో. మీ ఇంటి ఫోను నుంచి అత్యవసర నంబరుకి కాల్ వచ్చింది, ఎవరూ మాట్లాడలేదు."

నెరిస్ కత్తిని పీట మీద పెట్టేసింది.

"ఓ, అదా! ఫోను దులుపుతుంటే నొక్కుకుపోయిందండీ."

పేపర్లో పేజీ తిరిగింది.

"అవే మాటలు ఇక్కడా ఉన్నాయి. కానీ అవి మీవారు చెప్పినట్టుగా ఉన్నాయండీ. మీ గురించి 'భార్య తలూపింది' అని ఒక్క ముక్కే ఉంది. మీరేమన్నారో లేదు." అంది ఆ అమ్మాయి. "చూడండి, ప్రతి ఇంట్లో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. జరిగిందని ఉద్యోగం కాదనరు. దాచారని తేలితే మాత్రం కష్టం. రేపు మధ్యాహ్నం ఫైలు పైకి పంపాలి. ఈలోపు ఏదైనా గుర్తొస్తే ఫోను చేయండి. అన్నట్టు, ఇది ప్రతిసారీ అడగాల్సిందే. చిరునామాలో గానీ, ఇంట్లో ఉండేవాళ్ళలో గానీ మార్పేమైనా ఉందా?"

"లేదండీ. అదే ఇల్లు. మేమిద్దరమే."

ఫోను పెట్టేయగానే ఎమ్లిన్ కళ్ళజోడు తీశాడు. "దులపడమే. అంతకు మించి ఒక్క ముక్క అనకు. ఇంటి గుట్టు వీధిలో పెడితే పిలిచి కుర్చీ వేస్తారనుకున్నావా? ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పావని నిన్నే తప్పుపడతారు, నన్ను కాదు." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, "పులుసులో ఉప్పు చూసి వెయ్యి. నిన్నటిది నోట పెట్టలేకపోయాను," అన్నాడు.

నిన్నే తప్పుపడతారన్న మాటలో నిజం ఉంది, అదే ఆమెకి కంటకంగా ఉంది. అప్పుడు తలూపింది తనే. దరఖాస్తులో లేదని రాసిందీ, ఇందాక మళ్ళీ ఆ మాటే అన్నదీ తనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ ఫిబ్రవరిలో ఐర్వెన్ ఆస్పత్రిలో ఉంది. మధ్యాహ్నం నర్సు ఫోను చేసి, "రాగలిగితే ఇప్పుడే రండమ్మా" అంది. నెరిస్ కోటు తొడుక్కునేలోపు ఎమ్లిన్ లేచి వెళ్ళి వీధి తలుపుకీ, పెరటి తలుపుకీ తాళాలు వేసి, తాళంచెవులు వెయిస్ట్‌కోటు జేబులో వేసుకున్నాడు. "నిన్న వెళ్ళావు, మొన్న వెళ్ళావు. ఇంట్లో మొగుడనేవాడొకడున్నాడని గుర్తుందా? కూర్చో. ఆట అయ్యాక చూద్దాం," అన్నాడు. అరవలేదు, చెయ్యి ఎత్తలేదు. టీవీ ముందు కూర్చుని రగ్బీ చూశాడు. బతిమాలింది, ఏడ్చింది. టీవీ గొంతు కాస్త పెంచాడు. అప్పుడు హాల్లోకి వెళ్ళి ఆ నంబరు నొక్కింది. "ఏం జరుగుతోందో చెప్పండి" అని అడిగింది ఒక ఆడగొంతు. ఏం జరుగుతోంది? దొంగలు పడలేదు, నెత్తురు కారలేదు. మా ఆయన రగ్బీ చూస్తున్నాడండీ అని చెప్పాలా? రెండు దెబ్బలు కొట్టి ఉంటే చెప్పుకోవడానికి ఒక మాటైనా ఉండేది. దీనికి పేరేమిటో నెరిస్‌కి తెలియలేదు. నోరు తెరిచింది, మాట రాలేదు. "మాట్లాడలేకపోతే ఫరవాలేదమ్మా. నేనిక్కడే ఉన్నాను. లైన్లోనే ఉన్నాను," అంది ఆ గొంతు. అన్నట్టే ఉంది, పెట్టేయలేదు. నెరిస్ ఊపిరి వింటూ ఆవిడ అక్కడే కూర్చుంది. నెరిస్ బతుకులో అంతసేపు ఆమెని విన్నవాళ్ళు ఇంకొకరు లేరు.

ఆ తర్వాత ఇద్దరు పోలీసులు వచ్చారు. ఎమ్లిన్ నవ్వుతూ తాళం తీశాడు. "మా ఆవిడకి దుమ్ము దులపడమంటే పిచ్చి సార్. ఫోన్నీ వదల్లేదు!" వాళ్ళూ నవ్వి, ఆమె వంక చూశారు. ఆమె తలూపింది. వాళ్ళు వెళ్ళాక తాళంచెవి బల్ల మీద పడేసి, "ఇక వెళ్ళు," అన్నాడు. వెళ్ళేసరికి ఐర్వెన్ మంచం మీద కొత్త దుప్పటి పరిచేశారు. అంత్యక్రియల్లో ఎమ్లిన్ ఏడ్చిన ఏడుపు చూసి, ఇలాంటి మరిది ఎవరికి దొరుకుతాడని అందరూ మెచ్చుకున్నారు.

ఈ ఉద్యోగం ఎందుకు కావాలో నెరిస్ ఎవరికీ చెప్పలేదు. జీతం కోసం అనుకున్నారు, అనుకోనిచ్చింది. ఆ లైనుకి అవతలి వైపు కూర్చోవాలని ఆమెకి కోరిక. నోరు పెగలని ఎవరితోనో, నేనిక్కడే ఉన్నాను అని ఒక్కసారి తను అనాలి. ఈ మాట చెబితే అర్థమయ్యేది ఐర్వెన్‌కి. ఆ ఐర్వెన్ లేకే కదా ఇదంతా. ఆ రాత్రి పడుకుని కళ్ళు తెరుచుకుని అనుకుంది: రేపు మళ్ళీ దులిపానంటే ఉద్యోగం రావచ్చు. వచ్చాక, అవతల ఒకావిడ మాట్లాడకుండా ఊపిరి పీలుస్తుంటే, ఆవిడకి ఏ మొహంతో ధైర్యం చెప్పాలి?

పొద్దున్నే ఎమ్లిన్ ఫోను తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కన కుర్చీ కూడా లాగాడు. "నా ఎదురుగానే చెయ్యి. తడబడితే నేనందుకుంటాను," అన్నాడు. ఎవరైనా వింటే ఎంత అక్కరో అనుకుంటారు.

"చెత్తబండి వచ్చే రోజు కదా, ఈ సంచి బయట పెట్టొస్తాను," అంది నెరిస్. ఫోను ఏప్రాను జేబులో వేసుకుంది.

సన్నగా వాన పడుతోంది. గేటు దగ్గర సంచి పెట్టింది. ఇక వెనక్కి తిరగాలి. కాళ్ళు తిరగలేదు. ఇంటి చెప్పులతోనే వీధి వాలు దిగి, చాపెల్ అరుగు మీదికెక్కి, చూరు కింద నిలబడింది. జేబులోంచి ఫోను తీసి బౌవెన్ నంబరు నొక్కింది.

"మిసెస్ ప్రోసర్! మాట్లాడటానికి వీలుగా ఉందా?"

"ఇప్పుడుందమ్మా," అంది. "ఆ రోజు నేను ఫోను దులపలేదు."

తాళంచెవుల సంగతి, ఆట సంగతి, కొత్త దుప్పటి సంగతి, అన్నీ చెప్పింది. తలూపిన సంగతి, నిన్నటి అబద్ధం కూడా దాచలేదు. మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. బౌవెన్ అడ్డురాలేదు.

"క్లియరెన్స్ వస్తుందని మాటివ్వలేనండీ," అంది చివరికి, గొంతు తగ్గించి. "నిర్ణయం నా చేతిలో లేదు."

"రాకపోతే పోనీ తల్లీ. కానీ రాయి. ఈసారి నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

అవతల టకటకా టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది. అది ఆగేదాకా నెరిస్ కదలకుండా వింది.

వీధి పైన తలుపు తెరుచుకుంది. "నెరిస్! వానలో అక్కడేం చేస్తున్నావే? జలుబు చేస్తుంది, రా!" ఇరుగుపొరుగుకి వినిపించేలా, ఎంతో ప్రేమగా పిలుస్తున్నాడు ఎమ్లిన్. ఒక చెయ్యి వెయిస్ట్‌కోటు జేబులో ఉంది.

"ఆఖరుగా ఒకటి, ప్రతిసారీ అడగాల్సిందే," అంది బౌవెన్. "చిరునామాలో మార్పేమైనా ఉందా?"

"ఉందమ్మా."

"చెప్పండి, కొత్తది రాసుకుంటాను."

"అదింకా నాకూ తెలీదు," అంది నెరిస్. "ముందు పాతది కొట్టెయ్యి."