సొరుగులోని కేబుల్

కంప్యూటర్లు బిగించే పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను. నా నోటికి జడిసి మా దుకాణానికొచ్చేవాళ్లు ప్రశ్నలు కూడా తగ్గించి అడుగుతారు. తిట్టనా మరి! గ్రాఫిక్స్ కార్డుకి ఉన్నదంతా ఊడ్చిపెట్టి, అన్నిటికీ కరెంటందించే పవర్ సప్లై దగ్గరికొచ్చేసరికి చవకరకం చాలంటారు. పైన పటారం, లోన లొటారం. అలాంటివాళ్లను ఊరికే పంపడం నా వల్ల కాదు.

ఆ శనివారం వచ్చింది మా తమ్ముడు. ఏ పనైనా నిదానంగా చేస్తాడని చిన్నప్పటినుంచీ వాణ్ణి నత్త అంటాను. మూడేళ్లు ఒక్కడే కూర్చుని ఒక కంప్యూటర్ గేమ్ తయారుచేశాడు. వాడి పాత కంప్యూటర్ మీద అది నాలుగడుగులు నడిచి ఆగిపోయేది. సోమవారం దాన్ని ఒక కంపెనీవాళ్లకు చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఇస్తామన్నారు. అందుకే మధ్యరకం బడ్జెట్‌లో గేములాడే కంప్యూటర్ ఒకటి బిగించిమ్మన్నాడు. మూడేళ్ల పనీ వాడు తెచ్చిన పాత హార్డ్ డిస్కులోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

"గ్రాఫిక్స్ కార్డు కాస్త పెద్దది తీసుకుందామక్కా."

"నీ స్క్రీన్ ఎంతుందని? దానికి ఈ కార్డు చాలు. మిగిలింది పవర్ సప్లైకి పెట్టు. ఇల్లు కడుతూ పునాది దగ్గర కక్కుర్తి పడతావురా?"

"పోనీ ప్రాసెసరన్నా..."

"ఆరు కోర్లున్నది చాలు. ర్యామ్ మాత్రం తగ్గించను. నోర్మూసుకుని ఈ డబ్బా పట్టుకో."

వాడు నవ్వాడు. నిజం చెప్పొద్దూ, ఆ గేమ్ నేను బిగించిన కంప్యూటర్ మీద పరుగెత్తడం చూడాలని వాడికంటే నాకే తొందరగా ఉంది.

"ముందు డిస్కులోది ఇంకోదాంట్లోకి కాపీ చేసుకుంటానక్కా. గంట పడుతుందంతే."

"కొత్తదాంట్లో పెట్టాక తాపీగా చేసుకుందువుగాని. పక్కకి జరుగు, నత్తా."

అన్నీ చక్కగా అమరాయి. క్యాబినెట్‌లో డిస్కు పెట్టే అర బాగా కింద ఉంది, కొత్త పవర్ సప్లైతో వచ్చిన కేబుల్ అక్కడిదాకా అందలేదు. సొరుగు లాగి, వేరే కంపెనీ పవర్ సప్లై తాలూకు పొడుగు కేబుల్ తీశాను. ప్లగ్గు సరిగ్గా పట్టింది.

ఒక పవర్ సప్లై కేబుల్ ఇంకోదానికి పెట్టకూడదు. ప్లగ్గు పట్టినంతమాత్రాన లోపలి తీగలు అదే వరుసలో ఉండవు. ఐదు వోల్టులు వెళ్లాల్సిన చోటికి పన్నెండు వెళ్తే డిస్కు కాలిపోతుంది. పనిలో కొత్తగా చేరినవాళ్లకి ఈ మాట చెప్పేది నేనే. అప్పుడు గుర్తు రాలేదని బొంకను. వచ్చింది. నా చేతిలో ఏమవుతుందిలే అనుకున్నాను. అనుభవం తలకెక్కితే అంతే.

స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, వెంటనే కాలిన వాసన. వైరు పీకేసి డిస్కు బయటికి తీస్తే, దాని అడుగున ఒక చిప్పు నల్లగా మాడిపోయి ఉంది.

"ఏమైందక్కా?"

"పాత డిస్కు కదరా. ఆయుష్షు తీరినట్టుంది."

ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. అంటూనే కేబుల్ లాగి జేబులో కుక్కుకున్నాను.

వాడు స్టూలు మీద కూలబడ్డాడు. "మొత్తం పోయిందా?"

"రిపేరుకి పంపితే కొంత దొరకొచ్చు. సోమవారానికి మాత్రం కాదు."

వాడు తలెత్తకుండానే మెల్లగా అన్నాడు. "నేనే చంపుకున్నానక్కా. పొద్దున మెట్ల మీద జారాను. డిస్కున్న బ్యాగు గోడకి కొట్టుకుంది. తిడతావని నీకు చెప్పలేదు. చెప్పుంటే నువ్వు చూసుకునేదానివి." కళ్లు తుడుచుకున్నాడు. "తిట్టక్కా. ఈసారి తిట్టించుకోవాల్సిందే."

సిగ్గుతో చచ్చిపోయాను. కేబుల్ తీసి వాడి చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. తెలిసే పెట్టానని కూడా చెప్పాను.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అరిచి ఉంటే నాకే బాగుండేది. అరవలేదు.

"నేను పడ్డానని చెప్పకపోతే, ఇది నాకు చెప్పేదానివా?"

"చెప్పేదాన్నిరా."

వాడు నా మొహంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకుని, "చెప్పేదాన్ని" అన్నాను మళ్లీ. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.