నిండిపోయిన పసుపు గుడ్డ

ద్వారకా నగర్‌లో శ్రీరామ్మూర్తి గారి కారు పాలిష్ షెడ్డుకి కొత్త మైక్రోఫైబర్ టవళ్లు వస్తే, ముందు అక్కడ పనిచేసే కృపావతి చేతిలో పడాల్సిందే. లేబులు కత్తిరించి, అంచు పెదవి మీద రాసుకుని చూసేది. గీరుకుంటే ఆ టవలు టైర్లు తుడవడానికి పోయేది. పొట్టి నూగున్న నీలం టవళ్లు కారుకి మెరుపు కోటింగ్ పూయడానికి, ఒత్తుగా మెత్తగా ఉన్న పసుపువి ఆరాక పైన మిగిలిన కోటింగ్ తుడిచి తీయడానికి. రెండూ ఒకే బకెట్‌లో పడితే ఊరుకునేది కాదు.

"పెట్టే గుడ్డ పెడతాది, తీసే గుడ్డ తీత్తాది. కలిపేత్తే దేనికీ పనికిరావు" అనేది.

కారుకి పనికిరాకుండా పాతబడ్డ పసుపు గుడ్డ ఒకటి కంచరపాలెంలో ఆవిడ ఇంట్లో ఉండేది. భర్త యేసుదానం బొగ్గు యార్డు నుంచి వచ్చి, స్నానం చేసి అరుగు మీద కూర్చుంటే, దానితో ఛాతీ తుడిచేది. లోపలి బొగ్గు పైకొచ్చేసేది. గుడ్డ నల్లబడేది, ఆయన దగ్గు తగ్గేది. పక్కింటి చిట్టమ్మ బియ్యం ఏరుకుంటూ, "ఇయ్యాల ఎక్కువే దిగిందే" అనేది. కృపావతి గుడ్డ ఉతికి మర్నాటికి ఆరేసేది. ఆ పని చేసింది ఆ గుడ్డొక్కటే, మిగతావి కార్లకే పనికొచ్చాయి.

2006 వేసవిలో, గుడ్డ తీసేదానికంటే లోపలికి పోయేదే ఎక్కువైంది. అప్పుడే యార్డు కాంట్రాక్టరు గురునాథరావు కొత్త కారుకి కోటింగ్ వేయించడానికి షెడ్డుకొచ్చాడు.

"బాబూ, మా ఆయన్ని ఆ బొగ్గులోంచి గేటు కాడికి మార్సండి. నాను తుడిసినా ఆగట్లేదు."

"వచ్చే ఏడు చూద్దాంలే. ముందు బానెట్ మీద గీత పడకుండా చూడు."

గీత పడలేదు. అంత కడుపుమంటలోనూ ఆవిడ ఆ బానెట్‌ని అద్దంలా తుడిచింది చూడండీ, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

వానలు మొదలవకముందే యేసుదానం పోయాడు. ఆఖరి సాయంత్రం ఎంత తుడిచినా నలుపు తరగలేదు. "సాల్లేయే, సెయ్యి నొప్పెడతాది" అన్నాడు. ఆనాటి గుడ్డని కృపావతి ఉతకలేదు. మడిచి, బైబిలు పక్కన పెట్టెలో దాచుకుంది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక తీసి చెవికి ఆనించుకుంటే, ఆయన ఊపిరి వినిపించేది.

రెండేళ్లకి గురునాథరావు కారు ఆ సందులోకొచ్చింది. ఆ కారు మీద మచ్చ లేదు, ఆయనే చిక్కి సగమయ్యాడు. గుమ్మం పట్టుకుని దగ్గాడు.

"డాక్టర్లు చేతులెత్తేశారమ్మా. ఒక్కసారి తుడువు."

కృపావతి లోపలికెళ్ళింది. పెట్టె మీద షెడ్డు నుంచి తెచ్చుకున్న పాత నీలం గుడ్డ ఉంది. పెట్టే గుడ్డ. దానితో తుడిస్తే బొగ్గు ఇంకా లోపలికే పోతుందేమో. చెయ్యి దాని మీదికి వెళ్ళింది, వెనక్కి తీసుకుంది. పసుపుది పట్టుకొచ్చి చూపించింది.

"ఇది నిండిపోనాది బాబూ."

"ఉతకొచ్చు కదమ్మా?"

"ఉతికితే మా ఆయన పోతాడు."

గుడ్డలోంచి యేసుదానం ఊపిరి ఆయనకీ వినిపించింది. తల దించుకుని కారెక్కాడు. తలుపేసుకుని కృపావతి ఏడ్చింది, ఎవరి కోసమో ఆవిడకే తెలియలేదు.

నెల తిరక్కుండా గురునాథరావూ పోయాడు. ఆయన కొడుకు ఆ కారుని అమ్మకానికి పెడుతూ, పాలిష్ చేయించడానికి షెడ్డుకి తెచ్చాడు. కృపావతి కొత్త పసుపు టవలు తీసి, లేబులు కత్తిరించి, అంచు పెదవి మీద రాసుకుని చూసింది.