గోడ అవతలి మనిషి

వాచీ, తాళాలు, బెల్టు తీసి ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, అతను ఇటుక గోడ వెనకున్న గదిలోకి వెళ్లి చెక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఒంటిమీద ఇనుప ముక్క ఉంటే రాడార్ తికమకపడుతుంది. పద్దెనిమిదేళ్లుగా అతని పని ఇదే. గోడ అవతల మనిషి ఉన్నాడో లేడో చెప్పే యంత్రం తయారుచేస్తున్నారు. ఆ మనిషి అతను. రిజిస్టర్‌లో అటెండరని ఉంటుంది గాని, ఆఫీసులో అందరికీ టార్గెట్ బాబాయ్.

కూర్చోవడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్లు ఐదు నిమిషాలు కూర్చుని చూడాలి. ముక్కు దురదపెట్టినా, కాలు తిమ్మిరెక్కినా ఉలకకూడదు, పలకకూడదు. "ఇంట్లో ఒకచోట కాలు నిలవదు, అక్కడ మాత్రం విగ్రహంలా కూర్చుంటారట," అని భార్య ఎత్తిపొడిచేది. ఆ మాటకు అతను లోలోపల పొంగిపోయేవాడు.

ఇవాళ ఆవిడ ఎత్తిపొడవలేదు. పొద్దున్నే అతను ఛాతీ పట్టుకుని మంచం అంచున కూర్చోవడం చూసింది. "ముందు ఆస్పత్రికి పదండి. ఉద్యోగం ఎక్కడికీ పోదు," అంది. పోతుందని అతనికి తెలుసు. అతని బదులు ఊపిరి పీల్చే రబ్బరు బొమ్మ కొంటే సరిపోతుందని పెద్ద ఇంజనీరు ఈమధ్య అందరి ముందూ అంటున్నాడు. అయినా ధైర్యం చేసి ఆయన్నే అడిగాడు.

"సార్, గుండెల్లో నొప్పిగా ఉంది. ఓ గంట ఆస్పత్రికెళ్లొస్తాను."

"రేపు పైవాళ్లు చూడ్డానికొస్తున్నారు బాబాయ్. గ్యాస్ అయ్యుంటుంది. మధ్యాహ్నం దాకా ఓర్చుకో, నేనే కార్లో తీసుకెళ్తా."

కారు అన్నందుకు అతను సంతోషించాడు కూడా. అంత అమాయకుడు.

రాడార్‌కు అసలు తలనొప్పి గోడే. పంపిన తరంగాల్లో చాలా భాగాన్ని అదే తిప్పికొడుతుంది. వెనకున్న మనిషి ఆ హోరులో కలిసిపోతాడు. అందుకని కదలనిదాన్నంతా చెరిపేసే కొత్త పద్ధతి పెట్టారు. గోడ కదలదు కనుక చెరిగిపోతుంది. మనిషి ఎంత బిగదీసుకుని కూర్చున్నా ఊపిరికి ఛాతీ కాస్త కదులుతుంది, ఆ కాస్తా తెరమీద పసుపు మచ్చగా మిగులుతుంది.

పది దాటాక నొప్పి ఎడమ చేతిలోకి దిగింది. ఆపమన్నట్టు అతను కుడి చెయ్యెత్తాడు. మచ్చ చెదిరింది.

"కదలకు బాబాయ్. పొద్దుటినుంచీ చేసిందంతా మట్టికొట్టుకుపోతుంది," అంది స్పీకరు. అది ఇటు మాట్లాడుతుందే గాని ఇక్కడి మాట అటు వినిపించదు.

తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. రబ్బరు బొమ్మ గుర్తొచ్చి చెయ్యి దించాడు. వెనక గోడకు వీపు ఆనించి, చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోకుండా కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్లలో అంత చక్కగా ఎప్పుడూ కూర్చోలేదు.

పదకొండయ్యేసరికి తెరమీద మచ్చ పలచబడి, మాయమైంది.

"చెప్పకుండా లేచిపోయాడు, చూశావా? నెత్తికెక్కించుకుంటే ఇంతే," అన్నాడు పెద్ద ఇంజనీరు.

"తలుపు చప్పుడు కాలేదు సార్. చూసొస్తాను," అంది పక్కనున్న జూనియర్ అమ్మాయి.

"లేడని తెర చెప్తోందిగా. ఎలాగూ మనిషి లేని గది రికార్డింగు కూడా కావాలి. నలభై నిమిషాలు రికార్డు చెయ్. ఈలోగా తలుపు తీశావంటే మళ్లీ మొదటికొస్తుంది."

ఆమె కూర్చుంది. ఆమెకూ ఉద్యోగం కావాలి. నలభై నిమిషాలూ తెరమీద ఒక్క మరక పడలేదు. ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదని పెద్ద ఇంజనీరు మురిసిపోయాడు. భోజనాల వేళ తలుపు తీశారు. అప్పటికి అతని చేతులు చల్లబడ్డాయి.

వారం తర్వాత ఆ రికార్డింగు చెరిపేద్దామంది అమ్మాయి.

"పిచ్చిదానా, ఇలాంటిది మళ్లీ దొరకదు," అన్నాడు పెద్ద ఇంజనీరు.

ఇప్పటికీ ఆ గదిలో ఏ పరీక్ష మొదలుపెట్టినా ముందు దాన్నే తెరుస్తారు. అందులో ఉన్నదాన్నంతా కొత్త రికార్డింగులోంచి తీసేస్తారు. కంప్యూటర్లో ఆ ఫైలు పేరు 'ఖాళీ గది'.