పెద్దిరాజు డబ్బా

సీతమ్మ కర్రతో డబ్బా మీద రెండు దెబ్బలు వేసి, ఆగి, మళ్లీ మూడు వేసింది. చిన్నరసాల మామిడి కొమ్మల్లోంచి రామచిలకలు కీచుమంటూ లేచాయి. తోట అవతలి గట్టు నుంచి మొగుడు పెద్దిరాజు డబ్బా బదులు పలికింది. ఒకటి, చాలాసేపటికి నాలుగు, వెంటనే ఒకటి. అడ్డదిడ్డంగా మోగించడంలో ఆ మనిషిని మించినవాడు ఆగిరిపల్లి చుట్టుపక్కల లేడు. ఒకే తీరున కొడితే చిలకలు రెండు పూటల్లో అలవాటు పడి, డబ్బా పక్కనే కూర్చుని కాయ కొరుకుతాయి.

చిలకలు లేకపోయినా కొడుతూనే ఉండాలన్నది సీతమ్మ షరతు. మొన్న చలికాలంలో పెద్దిరాజుకి గుండెనొప్పి వచ్చింది. డాక్టరు పని మానెయ్యమన్నాడు. మాట వినే ఘటమైతే కదా! చెట్ల గుబురులో మనిషి కనపడడు. డబ్బా వినపడినంతసేపే ఆమె ప్రాణం కుదుటగా ఉండేది.

పొద్దెక్కాక తోట వారనున్న రేకుల షెడ్డు ఊడవడానికి వెళ్లింది. ఈ ఎనభయ్యారు వేసవిలోనే ప్రభుత్వం వాళ్లు అక్కడ తిరగేసిన గొడుగులాంటి పెద్ద పళ్లెం నిలబెట్టారు. ఉపగ్రహం నుంచి గాలివాన కబుర్లు దించుకునే పరీక్ష అది. ఇంజనీరు జోజిబాబు ఆ పళ్లేనికి తగిలించిన పెట్టె మీద స్పీకరు మీట నొక్కాడు. కుండపోత వానలాంటి హోరు.

"పాడైపోయిందా బాబూ?"

"లేదమ్మా, అదే కబురు. ఒకే గుర్తు వరసగా వస్తూ ఉంటే ఈ పెట్టెకి తాళం తప్పుతుంది. అందుకని పంపేచోటే కావాలని చిందరవందర చేస్తారు. ఎలా కలిపారో దీనికి ముందే తెలుసు. అలాగే విడదీసుకుంటుంది. ఆ వరస తెలియనివాళ్లకి ఉత్త గోల."

ఆ హోరులోంచే కాగితం మీదికి అక్షరాలు పొందిగ్గా దిగాయి. సీతమ్మ చీపురు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. కంటికందనంత ఎత్తు నుంచి అంత గోలలో కలిసి వచ్చినా ఒక్క మాటా పోలేదు!

"మా ముసలోడి మోతా అంతే బాబూ. చిలకలకి గోల. నాకైతే ఆకలేస్తందనీ, బానే ఉన్నాననీ తెలిసిపోద్ది."

"అయితే నీ దగ్గరా ఒక పెట్టె ఉందన్నమాట," అని జోజిబాబు పకపకా నవ్వాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఈ వింత చెబితే పెద్దిరాజు నోరు తెరుచుకుని విన్నాడు. "అయితే మన డబ్బాలు పైన దేవుడికీ వినపడతన్నయ్యేమోనే," అన్నాడు. లేచి డబ్బాని కొమ్మకి వేలాడగట్టి, దాని పక్కనే కర్రనీ తాడుతో వేలాడదీశాడు. ఎడంచెయ్యి లాగుతోందట, డబ్బా ఎత్తి పట్టుకోలేడట.

"ఇంటికి పోదాం పదయ్యా."

"ఈ పూటకి కానియ్యవే."

సాయంత్రం సన్నగాలి లేచింది. సీతమ్మ రెండు కొట్టి చెవి ఒగ్గింది. టంగ్. టంగ్. టంగ్. ఒకే తీరు, ఒకే ఎడం. మళ్లీ కొట్టింది. ఆ మోతలో మార్పు లేదు. పక్క తోటవాళ్లకి అది పెద్దిరాజు డబ్బాయే. సీతమ్మ మాత్రం చేతిలో కర్ర పారేసి పరుగెత్తింది.

పెద్దిరాజు చెట్టు మొదలుకి చేరగిలబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. చెయ్యి చల్లబడింది. సీతమ్మ కూలబడి ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది. ఇంకా ఏదో కబురు వస్తుందన్నట్టు అలాగే వింటూ కూర్చుంది. నెత్తి మీద, గాలికి ఊగే కర్ర తగిలినప్పుడల్లా డబ్బా ఒకే తీరున మోగుతోంది. దాని పక్కనే ఒక చిలక తాపీగా కాయ కొరుకుతోంది.