మంచు బండికి తడి గోనె

కువైట్‌ల కబ్ద్ దిక్కు, వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీల్ తోటకు ఆ బండి లారీ మీద వచ్చిన దినం ఎర్రన్న నవ్వాపుకోలేకపోయిండు. మంచు బండి అది. ముందట చక్రాల జాగల రెండు సన్నటి పట్టీలు, ఎనుక వెడల్పు రబ్బరు బెల్టు, మీద మోటర్ సైకిల్ తీరు సీటు. మంచు కురిసే దేశాలల్ల జారుకుంట పోయే బండి. కువైట్ల మంచు ఎక్కడిది? ఫ్రిజ్‌ల గీకితే పిడికెడు వస్తదేమో. అయినా కఫీల్ పెద్దకొడుకు ఎక్కడ్నో వేలంపాటల కొనుక్కొచ్చిండు. ఉసికె దిబ్బల మీద నడిపి దోస్తులకు చూపిస్తడట. తోటల అందరు ఆయనను చిన్న కఫీల్ అంటరు. చేతినిండ పైసలుండి పొద్దుపోకపోతే మనిషికి ఇసొంటి బుద్ధులే పుడతయి.

ఎర్రన్న నవ్వు ఆ సాయంత్రం దాకనే. బండిని నడిచేటట్టు చేసే పని తిరిగి తిరిగి ఆయన నెత్తి మీదనే పడ్డది.

ఎర్రన్నది జగిత్యాల దిక్కు పల్లె. తోటల నీళ్ల మోటరు ఆగినా, జనరేటర్ మొండికేసినా, ట్యాంకర్ కదలకపోయినా పిలుపు ఆయనకే. అదే తోటల గొర్రెలు కాసే బాలకిషన్ ఆయన బామ్మర్ది, ఇంటికాడ ఉన్న భార్య ముత్తెవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. ముప్పై దాటినా బండి కనబడితే చాలు, ఎక్కనిదాక పాణం ఊకోదు వానికి. వానిని కువైట్‌కు పిలిపించింది ఎర్రన్ననే. ముత్తెవ్వ మొదట ఒప్పుకోలేదు. ఆఖరికి ఒప్పుకుంటా ఒక్క మాటన్నది, "వాని పాణం నీ చేతుల పెడుతున్న, నీ కండ్ల ముందటనే ఉంచుకో." ఎర్రన్న సరేనన్నడు. అప్పటికెళ్లి బాలకిషన్ గొర్రెలతోని జర దూరం పోయినా ఈయన కండ్లు అటే ఉంటయి.

మొదటిసారి నడిపిన నాడు బండి గేటు దాటి నాలుగు గజాలు పోయిందో లేదో ఎర్ర దీపం వెలిగింది. ఇంజన్ల నీళ్లు గంజి పొంగినట్టు బుసబుస పొంగినయి. ఎర్రన్న విప్పి చూస్తే సంగతి సమజైంది. ఇంజన్ల కాగిన నీళ్లు సీటు కింద రేకు పొంటి తిరుగుతయి. బెల్టు ఎగజల్లే మంచు ఆ రేకుకు కొట్టుకొని నీళ్లు చల్లబడతయి. ఇక్కడ బెల్టు ఎగజల్లేది వేడి ఉసికె. అది చాలదన్నట్టు సైలెన్సర్ బానెట్ లోపటనే చుట్టుకొని ఉన్నది. దాని మీద ఉండాల్సిన వేడి ఆపే రేకు ఎన్నడో ఊడిపోయింది. జరసేపు నడిస్తే సైలెన్సర్ నిప్పు తీరు ఎర్రగయితున్నది, పక్కపొంటి ప్లాస్టిక్ కమురు వాసన కొడుతున్నది.

ఉన్నదున్నట్టు చెప్పిండు చిన్న కఫీల్‌కు. ఖైతాన్ బస్తీల రిపేరు షెడ్డుకు కొంచబోయి రేడియేటర్ పెట్టియ్యాలె, సైలెన్సర్‌కు రేకు చుట్టియ్యాలె, అప్పటిదాక ముట్టుకోవద్దు అని. ఆయన ఇననే ఇనలేదు. శుక్రవారం దోస్తులొస్తున్నరు, డేరాలు సుత ఏసిండ్రు, ఏం చేస్తవో చెయ్యి అన్నడు. పోతా పోతా భుజం తట్టి, నువ్వు మా ఇంజనీర్‌వి గదా అన్నడు. ఇన్నేండ్లల్ల ఎర్రన్నను ఎవ్వరు ఆ మాట అనలేదు. పాడుగాను, ఆ మాటనే ఆయన కొంప ముంచింది.

ఇంటికాడి బాయి యాదికొచ్చింది ఎర్రన్నకు. ఎండకాలం డీజిల్ ఇంజన్ కాగిపోతే వాళ్ల నాయిన దానికి తడి గోనె చుట్టేటోడు. పొలం పారేదాక చెంబుతోని నీళ్లు పోసుకుంట పక్కనే కూసునేటోడు. ఇక్కడ గొర్రెల దాణా వచ్చే గోనె సంచులు కుప్పలు పడి ఉన్నయి. రెండు తెచ్చి నానబెట్టిండు. ఒకటి సీటు కింద రేకు మీద పరిచి, ఇంకోటి సైలెన్సర్ చుట్టు తిప్పి, రెండింటిని తీగతోని బిగించిండు. బండి నీళ్ల ట్యాంకు దాక పోయి మర్లొచ్చింది. బానెట్ సందులకెళ్లి తెల్లటి ఆవిరి పోతున్నది తప్ప ఎర్ర దీపం ఎలగలేదు. చిన్న కఫీల్ ఈలేసిండు. బాలకిషన్ ఎగిరి గంతేసిండు.

తిరిగొచ్చినప్పుడల్లా బానెట్ తెరిచి నీళ్లు పొయ్యాలె, ఎండితే ఆ గోనెనే అంటుకుంటది అని ఎర్రన్న చెప్పిండు. చెప్పలేదని ఎవ్వరనలేరు. కాని చెప్పేటప్పుడు ఆయన మొఖం మీద నవ్వున్నది. నవ్వుకుంట చెప్పిన మాటకు బరువెక్కడుంటది? చిన్న కఫీల్‌కు బండి బాగైందనే సమజైంది.

శుక్రవారం పొద్దు వాలే యాళ్లకు దోస్తులంత దిగిండ్రు. చిన్న కఫీల్ ఒక చుట్టు కొట్టిండు, రెండో చుట్టు కొట్టిండు. వచ్చినప్పుడల్లా ఎర్రన్న బకెట్‌తోని ఉరికి నీళ్లు పోసిండు. అంతల ఒక దోస్తుకు కొత్త ఆలోచన పుట్టింది. బండి దూరపు దిబ్బ దాక ఒక్కటే పోవాలె, రెండు పక్కల కార్లు పెట్టి తాము వీడియో తియ్యాలె. మరి నడిపేదెవరు? చిన్న కఫీల్ వేలు బాలకిషన్ దిక్కు చూపింది. వాడు పొద్దటిసంది ఆ వేలు కోసమే నిలబడ్డడు.

ఎర్రన్న అడ్డం పోయి బండి హ్యాండిల్ పట్టుకున్నడు. అంత దూరం పోతే నడుమ నీళ్లు పోసేటోడు లేడు, సైలెన్సర్ జర చల్లారనియ్యుండ్రి అన్నడు. పోవుడే అయితే నేను పోత, వీన్ని వద్దు అన్నడు. అరబ్బీల చెప్పిండు, హిందీల చెప్పిండు. పొద్దు గూకుతున్నది, వెలుగు పోతది అని వాళ్ల తొందర వాళ్లది. ఎర్రన్న హ్యాండిల్ ఇడువలేదు. చిన్న కఫీల్ తిట్టలేదు, కొట్టలేదు. ఆ చెయ్యి దిక్కు ఒక్క చూపు చూసి, "ఖలాస్, యల్లా" అన్నడు, అయిపోయింది, ఇగ కదలుండ్రి అని. ఇన్నేండ్లు ఆ మాటకు అలవాటుపడ్డ చెయ్యి, దానంతటదే ఊడొచ్చింది.

బాలకిషన్ సీటెక్కి, ముందుగాల ఫోన్ తీసి తన వీడియో తాను తీసుకున్నడు. బానెట్ ఎత్తి గోనె సంచి చూపిచ్చిండు, బావను చూపిచ్చిండు. అక్కకు పంపి, ఉసికెల పడిపోతదని ఫోన్ ఎర్రన్న చేతుల పెట్టిండు.

"నీ తెలివంత మా అక్కకు పంపిన బావా."

ఎర్రన్న వాని రెక్క పట్టుకున్నడు. "తెల్ల ఆవిరి ఆగిందా, దిగు. బండి ఏమన్న గానీ, ఇడిచిపెట్టి దిగు."

వాడు సరే సరే అనుకుంటనే ముందటికి దూకిచ్చిండు.

బండి ఎనుక తెల్లటి ఆవిరి పోతున్నంతసేపు ఎర్రన్న పాణం పాణంల ఉన్నది. రెండు పక్కల కార్లు హారన్లు కొట్టుకుంట పోతున్నయి. ఆవిరి పలుచనయింది. ఇగ దిగుతడు, ఇప్పుడు దిగుతడు అని చూస్తున్నడు. ఆవిరి మొత్తమే ఆగిపోయింది. బాలకిషన్ దిగలేదు. కార్లల్లకెళ్లి చేతులూపుతుంటే వాడు సుత ఒక చెయ్యెత్తి ఊపుతున్నడు.

ఎర్రన్న మెడల తువ్వాల తీసి ఊపుకుంట ఉరికిండు. ఆగు, దిగు అని మొత్తుకున్నడు. గాలి ఆ మొత్తుకోళ్లను ఎనుకకే తీసుకపోయింది. ఆఖరి కారుల ఉన్నోళ్లు ఈయనను చూసి, సంతోషంతోని ఎగురుతున్నడనుకొని ఇంకింత హారన్ కొట్టిండ్రు. ఉరుక్కుంటనే తన ఫోన్ తీసి బాలకిషన్‌కు కొట్టిండు. ఎడమ జేబుల వాని ఫోన్ మోగింది.

అప్పుడు లేసింది నల్లటి పొగ. దాని ఎనుకనే మంట.

ఎదురు గాలికి మంట బండి మీదికెళ్లి వాని కాళ్ల మీదికి మర్లింది. గొర్రెల కాడ పొద్దంత తొడుక్కునే వదులు లాగు వానిది, నిమిషంల అంటుకున్నది. వాడు దూకిండు, పడ్డడు, లేసి ఉరికిండు. వీడియో తీసేటోళ్లు జరసేపు తీస్తనే ఉన్నరు. ఎర్రన్న పోయి మీద పడేసరికి నీళ్లు లేవు, బొంత లేదు. రెండు చేతులతోని ఉసికె తోడి తోడి పోసిండు. మంట ఆరింది గాని, నడుము కిందికి చూడబుద్ధి కాలేదు.

వాన్ని కారుల ఎక్కిచ్చిండ్రు. పాణమున్నది, తెలివి సుత ఉన్నది. బావా, బావా అంటున్నడు. ఎర్రన్న ఎనుక తలుపు పట్టుకొని ఎక్కబోతే చిన్న కఫీల్ అడ్డమొచ్చిండు. పోలీసులొస్తరు, నువ్వు ఇక్కడ్నే ఉండాలె అన్నడు.

"సంచి కట్టింది నువ్వే గదా."

అబద్ధమైతే ఎర్రన్న ఎదురు మాట్లాడేటోడే. కట్టింది తానే. తలుపు మూసుకున్నది. లోపటికెళ్లి అద్దానికి ఒక చెయ్యి తాకినట్టు కనబడ్డది, కారు దుమ్ము లేపుకుంట పోయింది. ఎర్రన్న కొంతదూరం ఎనుకనే ఉరికి, అందుకోలేక ఆగిపోయిండు.

జేబుల ఫోన్ మోగింది. బాలకిషన్ ఫోన్. అద్దం మీద 'అక్క' అని ఉన్నది. మోగి మోగి ఆగింది. మళ్ల మోగింది. కమిలిన వేళ్లతోని ఎట్లనో ఎత్తిండు.

"తమ్మీ, వీడియో చూసిన. వాడకట్టంత చూపిచ్చిన. మీ బావకు ఇయ్యి జర, ఇంత తెలివి ఇన్నొద్దులు యాడ దాచిపెట్టిండో అడుగుత." ముత్తెవ్వ నవ్వుతున్నది. ఆమె అంత సంబురంగ నవ్వంగ ఇని చాన రోజులయింది. "మాట్లాడవేంది తమ్మీ? నడిచిందా బండి?"

"నడిచింది" అన్నడు ఎర్రన్న.

ఆ గొంతు గుర్తుపట్టి ఆమె నవ్వు ఆగింది. "నువ్వా? వాడేడి మరి?"

ఎదురుంగ మంచు బండి ఇంకా కాలుతున్నది. సైలెన్సర్‌కు కట్టిన తీగ ఒక్కటి మిగిలింది, గోనె లేదు. అటుకెళ్లి ముత్తెవ్వ వాడేడి, వాడేడి అని అడుగుతనే ఉన్నది.